దారి దొరికితే చాలదు... దించే చోటూ దొరకాలి!

వేసవి వచ్చిందంటే దిల్‌సుఖ్‌నగర్‌లో మామిడి వాసన వెంటే లారీల బారులూ కనిపించేవి. పక్కనే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ మరి! అక్కడ పెద్దాసుపత్రి కట్టేందుకని 2021-22లో ఆ మార్కెట్‌ని విజయవాడ హైవే మీది బాటసింగారం లాజిస్టిక్ పార్కుకి తరలించారు. లారీలకు ఊళ్లో రద్దీ తప్పింది. మరి గేటు దగ్గర ఎదురుచూపులో?

ఈ రెండు తిప్పలకూ రెండు టెక్నాలజీలున్నాయి. మొదటిది రూట్ ప్లానింగ్. ఏ లారీ ఏ దారిన వెళ్తే డీజిల్ ఆదా అవుతుందో ఇది లెక్కగడుతుంది. పెట్రోలు లారీల కోసం 1959లోనే డాంట్‌జిగ్, రామ్సర్ ఈ లెక్కకు దారి చూపారు. రెండోది డాక్ షెడ్యూలింగ్. డాక్టరు అపాయింట్‌మెంట్‌లా, గోదాములో ఏ లారీ ఏ గుమ్మం దగ్గర ఎన్నింటికి ఆగాలో ముందే చెబుతుంది.

ఏది మేలు? ఒకే బండి పది దుకాణాలకు సరుకు వేయాలంటే మొదటిది. పది లారీలు ఒకే గేటుకు చేరితే రెండోది. దారిలో గంట మిగుల్చుకొచ్చి, గేటు దగ్గర మూడు గంటలు ఆగితే లాభమేముంది? అందుకే రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. లారీ ఆలస్యమైతే ఆ వేళను వెనకున్న బండికి ఇవ్వాలి.

ఎండలో ఆగిన ప్రతి గంటా మామిడి మెత్తబడుతుంది. తగ్గేది రైతు ధరే!