తలకు దెబ్బ తగిలిన ఆటగాడు

హైదరాబాదు ఫుట్‌బాల్ అనగానే మనకు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు స్ఫురణకు వస్తారు. ఆయన శిక్షణలోనే 1962 జకార్తా ఆసియా క్రీడలలో భారత జట్టు దక్షిణ కొరియాను 2-1 గోల్స్‌తో ఓడించి స్వర్ణ పతకం గెలుచుకొన్నది. ఆ పోటీలలో థాయిలాండ్‌తో ఆడునపుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై ఆరు కుట్లు పడినవి. అయినను ఆయన ఫైనల్‌లో ఆడి ఒక గోల్ చేసినారు. ఆ ధైర్యానికి మనం జోహారులర్పిస్తాము. కాని, దానినే అనుసరించవలెనా? కుట్లు చర్మానికి పడతాయి. లోపలి మెదడు సంగతి వేరు.

మెదడు కపాలంలో ద్రవం నడుమ ఉంటుంది. తలకు గట్టి తాకిడి కలిగినపుడు అది కుదుపునకు లోనై, దాని పని కొంతకాలం తారుమారవుతుంది. దీనినే వైద్యులు కంకషన్ అంటారు. నెత్తురు కారదు, స్కానింగులో సాధారణంగా ఏమీ కనబడదు, పెక్కుమందికి స్పృహ కూడ తప్పదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, మతిమరపు దీని చిహ్నాలు. 2014 ప్రపంచ కప్ ఫైనల్‌లో దెబ్బ తిన్న జర్మనీ ఆటగాడు క్రామర్ కొంతసేపు ఆడుతూనే ఉండి, “ఇది ఫైనలేనా?” అని రిఫరీనే అడిగినాడట!

అనుమానం కలిగిన క్షణమే ఆటగాడిని బయటకు తీసుకొనిరావలెను. ఆనాడు మరల ఆడించరాదు. మాటిమాటికి వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మూర్ఛ, మగత, కాలుసేతుల బలహీనత కనిపిస్తే తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను. మెదడు కోలుకొనకముందే రెండవ దెబ్బ తగిలితే ప్రాణాపాయం కూడ సంభవించవచ్చును.

తిరిగి ఆడుటకు ఆరు మెట్లు కలవు. ఒకటి రెండు రోజుల పాటు విశ్రాంతిగా ఉంటూ తేలికపాటి దైనందిన పనులు, నడక వంటి వ్యాయామం, ఒంటరిగా పరుగుతోపాటు బంతి సాధన, ఢీకొనుటకు తావులేని జట్టు సాధన, వైద్యుని అనుమతితో పూర్తి సాధన, చివరకు పోటీ. ఒక్కొక్క మెట్టుకు కనీసం 24 గంటలు పట్టవలెను. బాధలు పూర్తిగా తొలగనిదే నాలుగవ మెట్టు ఎక్కరాదు. విద్యార్థి ముందు చదువుకు, తరువాతనే పోటీకి మరలవలెను.

ఇట్టి ఆటగాడికి బదులుగా అదనపు ఆటగాడిని దింపే వీలును అంతర్జాతీయ నియమావళి 2021లో ప్రయోగాత్మకంగా అనుమతించి, 2024లో నిబంధనలలో చేర్చినది. భైంసా మైదానంలో వైద్యుడు ఉండకపోవచ్చు. కాని పక్కన మిత్రుడుంటాడు. “ఏం కాలేదు, ఆడతాను” అను మిత్రుని చేయిపట్టి కూర్చుండబెట్టుట పిరికితనం కాదు. మ్యాచ్ మరల వస్తుంది. మెదడు మరల రాదు.