ఇల్లు మారుతున్నారా? బండి భద్రం!

బదిలీ ఆర్డరు వచ్చిందంటే ఇల్లాలికి చేతినిండా పనే. గాజు సామాను పాత చీరల్లో చుట్టాలి, ఊరగాయ జాడీలకు వాసెన కట్టాలి, పప్పు డబ్బాల మూతలకు టేపు వేయాలి. అన్నీ అయ్యాక "మరి బండి సంగతి?" అని అడిగితే, "లారీవాళ్ళు చూసుకుంటార్లే" అంటారు మీవారు. వాళ్ళు చూసుకునేదేముంది! నలుగురూ కలిసి పైకెత్తి, సైడు స్టాండు వేసి, ఓ నైలాను తాడు చుట్టేస్తారు. దారిలో పెద్ద గతుకు తగిలిందా, బండి బీరువా అద్దం మీదికి ఒరుగుతుంది. పెట్రోలు కారి పరుపుల్లోకి ఇంకుతుంది.

మీవారు ఆఫీసుకు వెళ్ళాలన్నా, మీరు పిల్లల్ని బళ్ళో దింపాలన్నా కొత్త ఊళ్ళో మొదటి రోజు నుంచీ అవసరమయ్యేది ఆ బండే. కాబట్టి దీన్నీ మీరే దగ్గరుండి చూసుకోండి. పెద్ద ఖర్చేమీ కాదు. వడ్రంగికి ఓ పూట పని, అంతే.

ఎందుకు పడుతుంది?

స్టాండు ఉన్నది నిలబడ్డ చోట ఆపడానికి, కదిలే లారీలో కాదు. గతుకు వచ్చినప్పుడల్లా బండి స్ప్రింగులు కిందికి కుంగుతాయి, ఆ క్షణంలో తాడు వదులవుతుంది. నైలాను తాడు లాగేకొద్దీ సాగుతుంది కూడా. అందుకే ముందు స్ప్రింగును సగం వరకు అణిచి, ఆ తర్వాత బెల్టు బిగించాలి. అప్పుడు స్ప్రింగు పైకి తన్నుతూ బెల్టును తనే బిగుతుగా ఉంచుతుంది. కిటుకంతా ఇందులోనే ఉంది.

కావలసినవి

రాట్చెట్ బెల్టులు 4 (హార్డ్‌వేరు షాపుల్లో, లారీ సామాన్ల షాపుల్లో దొరుకుతాయి. ఎంత బరువు ఆపగలదో బెల్టు మీదే రాసి ఉంటుంది. ఒక్కో బెల్టూ మీ బండి బరువుకు తగ్గకుండా ఆపగలగాలి. మామూలు 100 సీసీ బండి సుమారు 110 కిలోలు ఉంటుంది.)
8 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, 2 అంగుళాల మందం ఉన్న గట్టి పలకలు 2
చక్రం గూటికి చెక్క, మేకులు
పాత దుప్పటి, గోనె సంచులు, పాత ట్యూబు ముక్క

చక్రం గూడు

మూడడుగుల పలక మీద, ముందు టైరు సరిగ్గా ఇమిడేంత ఎడంలో రెండు పొడుగాటి చెక్కలు కొట్టించండి. టైరుకు ముందు ఏటవాలుగా ఓ దిమ్మె, వెనక ఓ అడ్డకర్ర ఉండాలి. అడుగున అడ్డంగా ఇంకో పలక వేయిస్తే గూడు పక్కకు తిరగబడదు. దీన్ని లారీలో క్యాబిన్ వైపు గోడకు ఆనించి పెట్టాలి. టైరు కొలత తీసుకున్నాకే వడ్రంగికి చెప్పండి.

ఎక్కించే పద్ధతి

లారీని ఎత్తైన అరుగుకు ఆనించి నిలపగలిగితే సగం పని అయినట్టే. లేదంటే రెండు పలకలూ పక్కపక్కనే వాలుగా వేయండి, ఒకటి బండికి, ఒకటి నడిచే మనిషికి. పలకల పై అంచు జారకుండా లారీకి తాడుతో కట్టాలి. ఇంజను ఆపి తోయాలే గానీ, స్టార్టు చేసి ఎక్కించవద్దు. హ్యాండిలు దగ్గర ఒకరు, వెనక ఇద్దరు. పిల్లల్ని దూరంగా ఉంచండి.

కట్టే పద్ధతి

చక్రాన్ని గూట్లో దించాక స్టాండు తీసేయండి, రెండు చక్రాలూ నేల మీదే ఉండాలి. ముందు బెల్టులు రెండూ హ్యాండిలు కింద ఉన్న ఇనుప భాగానికి వేసి, చెరో పక్కకూ, కిందికీ, కాస్త ముందుకూ లాగి లారీ కొక్కేలకు తగిలించాలి. హ్యాండిలు చివర్లకు గానీ, ప్లాస్టిక్ భాగాలకు గానీ కట్టకండి, బ్రేకు తీగలు నలగనీయకండి. ఒకరు హ్యాండిలు మీద బరువు వేసి అణుస్తుంటే ఇంకొకరు రెండు వైపులా సమానంగా బిగించాలి. స్ప్రింగు పూర్తిగా కుంగిపోయేంత బిగిస్తే ఆయిలు సీళ్ళు పాడవుతాయి. వెనక బెల్టులు రెండూ సీటు వెనకున్న ఇనుప పట్టీకి వేసి, చెరో పక్కకూ వెనక్కి లాగాలి. బెల్టు తగిలే చోట పాత చీర ముక్క పెడితే పెయింటు గీసుకుపోదు. కానీ బండి బరువు ఆపే పని మాత్రం చీరకు అప్పగించకండి!

మోటారు సైకిలైతే గేరులో ఉంచండి. గేర్లు లేని స్కూటరుకు ఆ వీలు లేదు గనక బ్రేకు పిడిని ట్యూబు ముక్కతో బిగించి కట్టండి.

మరిచిపోవద్దు

పెట్రోలు ముందు రోజే మెకానిక్ చేత తీయించండి. బ్యాటరీ తీగ ఊడదీయించండి. అద్దాలు విప్పి దుప్పట్లో చుట్టండి. గ్యాసు సిలిండరు బండి పక్కన ఉంచకండి.

బయలుదేరాక ఇరవై ముప్ఫై కిలోమీటర్లకు ఒకసారి ఆగి బెల్టులు చూడమని డ్రైవరుకు గట్టిగా చెప్పండి. మొదట్లోనే అవి సర్దుకుని వదులయ్యేది.

రైల్లో పార్సిలు వేస్తుంటే ట్యాంకులో చుక్క పెట్రోలు ఉన్నా తీసుకోరు. ఆర్‌సీ కాపీ, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. గోనె సంచులతో చుట్టించి, ఏ స్టేషన్‌కు వెళ్ళాలో అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి కట్టండి.

దిగేటప్పుడు కంగారు పడకండి. ముందు వెనక బెల్టులు వదులు చేయించండి. తర్వాత ఒకరు బండిని గట్టిగా పట్టుకున్నాకే ముందు బెల్టులు విప్పించండి. గూటినీ, పలకల్నీ పారేయకండి. మళ్ళీ బదిలీ అయితే మీకే పనికొస్తాయి, లేదంటే పక్కింటివాళ్ళు అడిగి పట్టుకెళ్తారు!