సూత్రం మనదైతే పాత కాలిక్యులేటర్ కూడా పనికొస్తుంది

పది నిమిషాల వార్తా ప్రసారంలో పది సెకన్లు మించితే చివరి వార్త మధ్యలోనే ఆగిపోతుంది. అందువల్ల వార్తల సంపాదకునికి భాషతో పాటు కాలగణన కూడా తెలిసి ఉండాలి. ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఒక వార్త నిడివి 1 నిమిషం 25 సెకన్లు, మరొకటి 50 సెకన్లు అనుకుందాం. సాధారణ కాలిక్యులేటర్‌లో 1.25కు 0.50 కలిపితే 1.75 వస్తుంది. గడియారం ప్రకారం సరైన సమాధానం 2 నిమిషాల 15 సెకన్లు. యంత్రం పదులలో లెక్కిస్తుంది, కాలం అరవైలలో నడుస్తుంది.

ఈ తేడాను సరిదిద్దే సాధనం అయిదు దశాబ్దాల క్రితమే అరచేతిలోకి వచ్చింది. అదే ప్రోగ్రామబుల్ సైంటిఫిక్ కాలిక్యులేటర్. హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ 1974లో విడుదల చేసిన హెచ్‌పీ-65లో సూత్రాలను అయస్కాంత కార్డుపై భద్రపరచుకునే వీలుండేది. 1975లో అమెరికా, సోవియట్ వ్యోమనౌకలు కక్ష్యలో కలుసుకున్న అపోలో-సోయుజ్ యాత్రలో అమెరికా వ్యోమగాములు దానిని వెంట తీసుకువెళ్లారు.

కాలిక్యులేటర్లతో ఢిల్లీకీ పాత అనుబంధం ఉంది. ఇక్కడి డీసీఎం సంస్థ కాలిక్యులేటర్ల విభాగంలో పనిచేసిన శివ్ నాడార్, కొందరు సహోద్యోగులతో కలిసి 1975లో బయటకు వచ్చి మైక్రోకాంప్ పేరుతో కాలిక్యులేటర్ల వ్యాపారం ప్రారంభించారు. ఆ మరుసటి సంవత్సరమే హిందుస్థాన్ కంప్యూటర్స్ లిమిటెడ్, అంటే హెచ్‌సీఎల్, రూపుదిద్దుకుంది.

1981లో వచ్చిన హెచ్‌పీ-11సీని ఉదాహరణగా తీసుకుందాం. దీనిలో అంకెలు ముందు, చేయవలసిన క్రియ చివర వస్తాయి. కొత్తవారికి ఇది వింతగా తోచినా తెలుగువారికి అంత కొత్త కాదు. 'మూడుకు నాలుగు కలుపు' అన్నప్పుడు మన వాక్యంలోనూ క్రియ చివరనే ఉంటుంది.

వార్తల నిడివిని కూడేందుకు ఈ యంత్రంలో ఆరు అంచెల ప్రోగ్రామ్ సరిపోతుంది. మొదటి అంచె ప్రోగ్రామ్‌కు 'ఎ' అనే గుర్తునిస్తుంది. రెండవది అరవైల లెక్కను దశాంశంలోకి మారుస్తుంది. మూడవది దానిని ఒక మెమరీలో ఉన్న మొత్తానికి కలుపుతుంది. నాలుగవది ఆ మొత్తాన్ని తెరపైకి తెస్తుంది. అయిదవది తిరిగి అరవైల లెక్కలోకి మారుస్తుంది. ఆరవది ముగింపు. ప్రారంభంలో మెమరీని సున్నా చేసి, ఒక్కొక్క వార్త నిడివిని నమోదు చేస్తూ ఈ ప్రోగ్రామ్‌ను నడిపిస్తే చాలు. పై ఉదాహరణకు 2.15 కనిపిస్తుంది. అంటే పది నిమిషాలలో ఇంకా 7 నిమిషాల 45 సెకన్లు మిగిలి ఉన్నాయన్నమాట.

మరొక ఉపయోగం భూమి కొలతలది. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ ప్రాంతాలలో ప్రజలు ఇంటి స్థలాన్ని హైదరాబాద్‌లో వలెనే గజాలలో చెబుతారు. అధికారిక పత్రాలలో చదరపు మీటర్లు కనిపిస్తాయి. ఒక చదరపు గజం 0.836127 చదరపు మీటర్లకు సమానం. ఈ సంఖ్యను 'బి' గుర్తు కింద ఒకసారి భద్రపరిస్తే, 200 గజాలు 167.23 చదరపు మీటర్లని వెంటనే తెలుస్తుంది.

ఈ పనులన్నీ నేటి ఫోన్లు కూడా చేస్తాయి. అయితే ఫోన్‌లోని యాప్ ఏ సూత్రంతో లెక్కించిందో మనకు సాధారణంగా కనిపించదు. పాత యంత్రంలో సూత్రం మనమే రాసుకున్నది. అంచె అంచెగా తిరిగి చూసుకోవచ్చు. సూత్రాలను దాచుకునే ఈ శక్తి కారణంగానే యూపీఎస్‌సీ ఇంజినీరింగ్ సర్వీసుల పరీక్షలో ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్లను అనుమతించరు.

అయితే కొన్ని జాగ్రత్తలు అవసరం. ప్రోగ్రామ్‌ను కాగితంపై కూడా రాసి ఉంచుకోవాలి. బ్యాటరీ పూర్తిగా అయిపోతే మెమరీ చెరిగిపోవచ్చు. హెచ్‌పీ-11సీకి మూడు ఎల్‌ఆర్44 బొత్తాం బ్యాటరీలు కావాలి. ఇవి నేటికీ మార్కెట్‌లో దొరుకుతాయి. పని ప్రారంభించే ముందు సమాధానం తెలిసిన ఒక లెక్కతో యంత్రాన్ని పరీక్షించడం మరింత ముఖ్యం. పొరపాటున 1.25కు బదులు 12.5 నమోదు చేస్తే, యంత్రం ఆ తప్పుడు అంకెనే తప్పు లేకుండా కూడి చూపుతుంది.

కాబట్టి ఫలితాన్ని చూసిన తర్వాత 'ఇది సాధ్యమేనా' అన్న ప్రశ్న మనిషే వేసుకోవాలి. ముద్రణలో దొర్లిన తప్పును మరునాడు సవరించవచ్చు. రేడియోలో పలికిన అంకె మాత్రం ఆ క్షణంలోనే శ్రోత చెవిన పడుతుంది. యంత్రం పాతదైనా, కొత్తదైనా ఆ అంకెకు బాధ్యత దానిని నమోదు చేసిన వారిదే.