దీపపు మీట – గృహిణి యెరుగవలసిన సంగతులు

పూర్వము సంజదీపము పెట్టు ఇల్లాలికి ఆ దీపముయొక్క గుణదోషములన్నియు తెలిసియుండెడివి. వత్తి కొడిగట్టినచో ఎగద్రోయుట, చమురు తగ్గినచో పోయుట, గాలి వీచినచో చేయి అడ్డుపెట్టుట – వీనిని ప్రత్యేకముగ నేర్పవలసిన పని లేకుండెను. నేడు గోడమీది మీటను నొక్కినంతనే ఇల్లంతయు వెలుగుచున్నది. వెలిగినంతసేపు సంతోషమే, చిక్కు వచ్చిననాడు మాత్రము మనకేమియు తోచదు. ఈ స్విచ్చును దినమున పెక్కుమారులు ముట్టునది గృహిణియే గనుక, దాని మంచిచెడ్డలను గూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

కరీంనగరు, ఆదిలాబాదు సీమలవారమగు మనకు విద్యుత్తు పరాయి వస్తువు కాదు. 1983లో మొదటి యంత్రము తిరిగిన రామగుండపు జాతీయ థర్మల్ విద్యుత్కేంద్రము 2,600 మెగావాట్ల సామర్థ్యమునకు పెరిగినది. గోదావరి కావల, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని జైపూరున సింగరేణివారి 1,200 మెగావాట్ల కేంద్రము 2016లో జాతికి అంకితమైనది. మన నేలలోని బొగ్గే మండి, వెలుగై దూరదేశములకు పోవుచున్నది. అట్టి సీమలో, ఇనుపతీగ దండెముమీద తడిబట్ట ఆరవేయబోయి విద్యుద్ఘాతమున అసువులు బాసిన ఇల్లాండ్ర వార్తలను పత్రికలలో చదువవలసి వచ్చుట మిక్కిలి శోచనీయము.

ముందుగా మూలసూత్రము. దీపము వెలుగుటకు రెండు తీగలు కావలెను. విద్యుత్తును తెచ్చు తీగ ఫేజు; దానియందు 230 వోల్టుల బలముండును. మరలించుకొనిపోవునది న్యూట్రలు. ఈ రెండుగాక, పెరటి నేలలో పాతిన ఎర్తుతీగ మూడవది. అది ఆపదలో కాపాడుటకు మాత్రమే. ఫేజునకు ఎరుపు, పసుపు లేక నీలము, న్యూట్రలునకు నలుపు, ఎర్తునకు ఆకుపచ్చ మన దేశమున వాడుకలోనున్న రంగులు. కాని పాత యిండ్లలో చేతికందిన తీగనే వాడియుందురు గనుక రంగును మాత్రమే నమ్మరాదు.

మీట ఎల్లప్పుడును ఫేజు తీగయందే ఉండవలెను. చెరువు తూమును మూసినచో కాలువ ఎండును. తూమును తెరచియుంచి కాలువ కొనయందు కట్ట వేసినచో పారుదల ఆగును గాని, కాలువ నిండుగనే యుండును. మీటను న్యూట్రలునందు పెట్టుట ఈ రెండవ విధము వంటిది. దీపము ఆరును, కాని హోల్డరు వరకు 230 వోల్టులు కాచుకొనియే యుండును. మీట ఆర్పితిమిగదా యని బుగ్గ మార్చబోయిన చేతికి అదియే యమపాశమగును. ఒక పనివానిని మేము “మీట ఏ తీగలో పెట్టితివి నాయనా?” అని అడుగగా, “బుగ్గ బందైంది గదా అమ్మా, ఇగ ఏ తీగలుంటె ఏంది?” అనెను. ఆ ప్రశ్నకు ఉత్తరమే ఈ వ్యాసము.

ఇక లక్షణములు. మీట ఆర్పిన పిమ్మటను ఎల్‌ఇడి బుగ్గ రాత్రివేళ మినుకుమినుకుమనుచున్నచో, మీట న్యూట్రలునందున్నదేమోయని అనుమానింపవలెను. మీటలో చిన్న ఎర్రదీపమున్నను, గోడలో తీగలు చాలదూరము ప్రక్కప్రక్కన సాగినను, చెమ్మ చేరినను ఇట్లే జరుగవచ్చును. కనుక పనివానిచే పరీక్ష చేయించి నిశ్చయించుకొనవలెను. ఒక్క దీపమే ఇట్లున్నచో దోషము ఆ మీటయందో, ఆ దీపపు తీగలయందో యుండును. గాలివానకు తెగిన సర్వీసు తీగను మరల కలిపిన నాటినుండి ఇంటి దీపములన్నియు ఇట్లయినచో, స్తంభమునొద్దనో మెయిను నొద్దనో తీగలు తారుమారైనవేమో చూపింపవలెను.

మీట నొక్కునపుడు చిటపటలాడుట, పలక వేడెక్కుట, కాలిన వాసన వచ్చుట – ఇవి లోపలి మర సడలినదనుటకో, మీట అరిగినదనుటకో గుర్తులు. సడలిన చోట నిప్పురవ్వ పుట్టి తీగ తొడుగును కాల్చును. అట్టి మీటను “ఇంకను వెలుగుచున్నది గదా” యని వాడరాదు. మీటను తాకగా చేయి జివ్వుమన్నచో గోడ తడిసినదనియో, తీగ తొడుగు చెడినదనియో తెలియవలెను. వానకాలమున మట్టిగోడల పెంకుటిండ్లలో ఇది తరచు కలుగును. నీరు కారిన గోడమీది మీటను ముట్టక, మొదట మెయిను కట్టివేయవలెను. తరచు ఫ్యూజు పోవుచున్నచో లావుతీగ చుట్టుట రోగమును దాచిపెట్టుటయే గాని మాన్పుట కాదు.

ఫ్యూజు ఉన్నది గదా, భయమేలయని కొందరందురు. ఇది పెద్ద పొరపాటు. 6 ఆంపియర్ల ఎంసీబీ 6,000 మిల్లీ ఆంపియర్లు దాటిననే గాని త్రెంచదు. అదియు వెంటనే త్రెంచునని లేదు. 9 వాట్ల చిన్నబుగ్గలో ప్రవహించునది సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. మనుష్యుని ప్రాణము తీయుటకు అంతమాత్రము చాలవచ్చును. ఫ్యూజును ఎంసీబీయును తీగలను కాచును గాని మనలను కాచవు. మనుష్యరక్షణకు ఏర్పడినది ఆర్‌సీసీబీ యను పరికరము; 30 మిల్లీ ఆంపియర్లు దారితప్పి నేలకు పోయినచో క్షణములోపలనే విద్యుత్తును త్రుంచును. పండుగకు కొను నగనట్టులకు ముందు ఇది కొనదగినది. దానిమీది పరీక్ష మీటను అప్పుడప్పుడు నొక్కి చూచుచుండవలెను. ఎండకాలమున ఎర్తుగుంత ఎండిపోకుండ నీరు పోయుటయు మరువరాదు.

బుగ్గ మార్చుటకైనను మెయిను కట్టివేయుటయే క్షేమము. ఆ మెయిను రెండు తీగలను ఒక్కసారి త్రుంచునదై యుండవలెను. ఒక్కతీగను మాత్రమే త్రుంచునదైనచో, తీగలు తారుమారైన యింట అదియు మోసపుచ్చును. మేడమెట్లకు పైనొకటి క్రిందనొకటి మీటలున్నచోట, మీట వాలును చూచి ఆరినదో లేదో చెప్పజాలము. టెస్టరును మొదట విద్యుత్తున్న ప్లగ్గులో పెట్టి వెలుగునట్లు చూచుకొని, పిదపనే పరీక్షింపవలెను. చెడిన టెస్టరు వెలుగకుండుట అభయము కాదు. పలక విప్పుట, తీగ కలుపుట మాత్రము తెలిసిన పనివానికే వదలవలెను. దండెమునకు ఇనుపతీగ మాని నూలుత్రాడో ప్లాస్టిక్ త్రాడో కట్టుకొనుడు.

ఎవరైనను తీగకు చిక్కినచో, ఎంత ప్రియమైనవారైనను చేతితో పట్టి లాగరాదు. అట్లు లాగబోయి ఒకరివెంట నొకరు పోయిన కుటుంబములు కలవు. ముందు మెయిను కట్టవలెను. అది అందనిచో పొడినేలపై నిలిచి ఎండిన కట్టెతో తీగను త్రోసివేయవలెను. వెంటనే 108కి కబురు చేయవలెను. ఊపిరి ఆడకున్నచో, వాహనము వచ్చువరకు రొమ్ము నడుమ రెండు చేతులతో బలముగ, వడిగ నొక్కుచుండవలెను.

సోదరీమణులారా! మనము తీగపని నేర్వనక్కరలేదు. పనివాడు పని ముగించి కూలికై నిలిచినప్పుడు, “మీట ఫేజులోనే యున్నదా? టెస్టరు పెట్టి చూపుము” అని ఒక్కమాట అడిగినచో చాలును. మీట ఆర్పియుండగా హోల్డరున టెస్టరు వెలుగకుండుట కన్నులార చూచిన పిమ్మటనే కూలి యిచ్చుట మేలు.