వడినీటి నావ – ఒడ్డువారి హక్కు

'హక్కు' అను మాట అరబ్బీ నుండి పారసీకము, ఉర్దూల మీదుగా తెలుగునకు వచ్చినది. మన తెలుగు వాడుకలో ఆ మాటకు ముఖ్యముగా 'మనకు రావలసినది' అను అర్థము స్థిరపడినది. ఉర్దూలో 'హక్ అదా కర్నా' అన్నప్పుడు మాత్రము, ఇతరులకు మనము చెల్లించవలసినది అను అర్థము నేటికిని సజీవముగా ఉన్నది. రెండు భాషలు ఒకే ప్రాంగణములో వినిపించు మన కళాశాలలో ఈ భేదమును గమనించుట కష్టము కాదు. ఒక క్రీడను గూర్చి వ్రాయుచు ఈ పదచర్చ ఎందుకని పాఠకులు అడుగవచ్చును. వడినీటి కయాకింగ్ అను ఆ క్రీడలో ఈ రెండు అర్థములును ఒకదానినొకటి విడిచి ఉండజాలవని చెప్పుటయే మా ఉద్దేశము. మేము ఆ పడవను నడిపినవారము కాము. చదివి, తెలిసికొని, ఆలోచించినంత వరకే ఇచ్చట వివరించుచున్నాము.

కయాక్ ఆర్కిటిక్ తీరవాసుల సృష్టి. ఇన్యూట్ మొదలగు జాతులవారు కొట్టుకొనివచ్చిన కొయ్యతోను, తిమింగలపు ఎముకలతోను చట్రము కట్టి, దానిపై సీలు చర్మమును బిగించి, వేటకై ఈ పడవను చేసికొన్నారు. పైభాగమంతయు మూసి ఉండి, మనిషి కూర్చొనుటకు మాత్రమే రంధ్రము ఉండును. రెండు చివరల రెక్కలు గల తెడ్డుతో దీనిని నడుపుదురు. నేటి పడవలు ప్లాస్టిక్‌తో చేయబడినను రూపము ప్రాచీనమైనదే. నడుము చుట్టు బిగించు నీరు చొరని వస్త్రము పడవను, మనిషిని ఒకటిగా చేయును. పడవ బోర్లపడినచో అందులో నుండి బయటికి రాకుండగనే, తెడ్డును, నడుమును ప్రయోగించి తిరిగి లేచు విద్య యొకటి కలదు. అభ్యాసకులు నిలకడ నీటిలో దానిని సాధించిన పిమ్మటనే వడినీటికి పోవుట మంచిది.

వడినీరు అనగా రాళ్లను ఒరసికొని, నురుగులెత్తి పారు నీరు. నది ఎక్కువ వాలున దిగుచు, ఇరుకైన దారిలో రాళ్లను తాకినప్పుడు ఇది ఏర్పడును. దీని కాఠిన్యమును 1 నుండి 6 వరకు తరగతులుగా విభజించినారు. ఒకటవది పసిపిల్లవాని ఆట వంటిది. ఆరవది ప్రాణములకు తెగించినవారిది. నీటి వేగము రెండింతలైనచో దాని తాకిడి నాలుగింతలగును. కనుక మోకాలి లోతు నీరే కదా అని నిలబడబోయిన మనిషి పాదము రాళ్ల మధ్య ఇరుక్కొని, ప్రవాహము అతనిని ముందుకు త్రోసివేయవచ్చును. పడవ నుండి జారినవారు లేచి నిలువరాదు. వెల్లకిల పడుకొని, పాదములను నీటిపైకి ఎత్తి, పోవు దిక్కునకు చాచవలెను.

ఈ క్రీడలో బలము కంటె చదువు ముఖ్యము. చదువవలసినది నీటిని. రెండు రాళ్ల నడుమ నున్నని నీరు నాలుక వలె సాగి, దాని మొన దిగువకు చూచినచో అది దారి. మొన ఎగువకు చూచినచో అక్కడ నీటి అడుగున బండ ఉన్నదని గుర్తు. పెద్ద బండ వెనుక నీరు మందగించి ఎగువకు తిరుగును. నావికుడు అచ్చట ఆగి ఊపిరి పీల్చుకొనవచ్చును. నీటికి అడ్డముగా పడిన చెట్టు మాత్రము జల్లెడ వంటిది. నీటిని పోనిచ్చును, మనిషిని పోనీయదు. ముందున్నది కనుపించనప్పుడు ఒడ్డు చేరి, దిగి, నడచి చూచి రావలెను.

ఇచ్చటనే ఒడ్డు ప్రసక్తి వచ్చుచున్నది. దిగుటకు ఒడ్డు కావలెను. ఎక్కుటకు ఒడ్డు కావలెను. ఆపద వచ్చినప్పుడు పిలుపు వినువారు ఒడ్డున ఉండవలెను. 2019 సెప్టెంబరు 15న మన గోదావరిలో కచ్చులూరు వద్ద విహారనౌక మునిగినప్పుడు, నీటిలో పడినవారికి చేయి అందించినవారు సమీప గ్రామస్థులే. నది మీద ఆడుకొనుటకు వచ్చిన మనిషికి ఆ ఒడ్డుతో సంబంధము ఒక పూటది. ఒడ్డున ఉన్నవారికి అది బ్రతుకు. ఈ తారతమ్యము ఎంత లోతైనదో తెలియుటకు ఒక నది కథ చాలును.

వేల్స్ దేశపు ఉత్తర భాగమున బాలా అను పట్టణము సమీపమున ట్రవెరిన్ అను చిన్న నది పారి, డీ నదిలో కలియును. వడినీటి క్రీడకు బ్రిటనులో ఇంత పేరు గల నదులు కొద్ది. ఎగువన ఆనకట్ట కట్టిన జలాశయము నుండి డీ నదీ ప్రవాహమును క్రమపరచుటకు నీరు విడుతురు. కనుక చుట్టుపట్ల వాగులు సన్నగిల్లు వేసవిలో కూడ ఇక్కడ వడి దొరకును. 1981లో ప్రపంచ స్లాలమ్ పోటీలు ఇచ్చటనే జరిగినవి. ఆ యేట పురుషుల కయాక్ పందెములో రిచర్డ్ ఫాక్స్ విజేతగా నిలిచినాడు.

ఆ నీరు ఎవరి చలువ? లివర్‌పూల్ నగరమునకు నీరు కావలెనని 1957లో బ్రిటిష్ పార్లమెంటు చట్టము చేసినది. వేల్స్ సభ్యులలో అత్యధికులు వ్యతిరేకించినను అది ఆగలేదు. అంతకు ముందు 1956 నవంబరులో కాపెల్ కెలిన్ గ్రామస్థులు లివర్‌పూల్ వీధులలో ఊరేగింపుగా నడచి, తమ ఊరిని ముంచవద్దని వేడుకొన్నారు. వారి మొర ఫలింపలేదు. 1965లో జలాశయము ప్రారంభమైనది. వెల్ష్ భాషయే వ్యవహారముగా గల ఆ ఊరి బడి, ప్రార్థనాలయము, తపాలా కార్యాలయము, పొలములు నీటి పాలైనవి. బంధువులు కోరిన కొన్ని భౌతికకాయములను తరలించి, తక్కిన శ్మశానమును కాంక్రీటుతో కప్పివేసినారు. లివర్‌పూల్ నగర పాలకమండలి క్షమాపణ చెప్పినది 2005లో. 'ట్రవెరిన్‌ను మరువకుడు' అను అర్థము గల వెల్ష్ మాటలు ఒక పాడుపడిన గోడపై 1960ల నాటివి నేటికిని వేల్స్ ప్రజల గుండెలలో ఉన్నవి.

ఆ నదిలోని ఒక కఠినమైన వడికి క్రీడాకారులు వాడుకగా 'గ్రేవ్‌యార్డ్' అను పేరు పెట్టుకొన్నారు. ఎగువన నీటి క్రింద నిజమైన శ్మశానమొకటి ఉన్నదని ఎరుగక ఆ పేరును నవ్వుచు పలుకువారు ఉండవచ్చును. ఎరిగినవారు అట్లు పలుకజాలరు. వారికి దుర్బుద్ధి లేదు. తెలియకపోవుటయే లోపము. కనుకనే తెలిసికొనుట ఈ క్రీడలో మొదటి మర్యాద.

ఇక చట్టము. ఇంగ్లండు, వేల్స్‌లలో సముద్రపు పోటు తగలని నదులందు, సాధారణముగా నదీగర్భము నడిమి గీత వరకు ఒడ్డు భూస్వామిది. పారు నీరు ఎవరి సొత్తును కాదు. పడవ నడుపు బహిరంగ హక్కు కొన్ని నదులకే నిర్వివాదముగా ఉన్నది. తక్కిన వానిపై క్రీడాకారులకు, భూస్వాములకు, చేపలు పట్టువారికి నడుమ చిరకాలముగా వాదము నడచుచున్నది. స్కాట్లండులో 2003 నాటి చట్టము నేల మీదను, నీటి మీదను సంచరించు హక్కును అందరికి ఇచ్చినది. అయితే బాధ్యతతో మెలగినప్పుడే ఆ హక్కు చెల్లును. ట్రవెరిన్‌లో వివాదమునకు తావు లేకుండ అచ్చటి క్రీడాకేంద్రమునకు రుసుము చెల్లించి దిగుట ఆచారము.

చట్టము చెప్పనిది మర్యాద చెప్పవలెను. ఇరుకు దారులలో పొలము గేటునకు అడ్డముగా వాహనము నిలుపరాదు. గేటు ఎట్లున్నదో అట్లే విడువవలెను. తెరచి పోయినచో గొర్రెలు దారి పట్టును. ఇండ్ల ముందు బట్టలు మార్చుకొనరాదు. నీరు తక్కువైనప్పుడు గులకరాళ్లను పడవతో గీకరాదు. చలికాలమున సాల్మన్ చేపల గ్రుడ్లు ఆ రాళ్ల సందులలోనే ఉండును. ఒక నది నుండి మరియొక నదికి పోవుటకు ముందు పడవను, దుస్తులను కడిగి ఆరవేయవలెను. లేనిచో ఒక నీటి తెగులు మరియొక నీటికి ప్రాకును. అన్నింటికి మించి, ఎదురైనవారిని పలుకరించవలెను.

ఈ కథ మనకు దూరము కాదు. శ్రీశైలము జలాశయము క్రింద కృష్ణాతీర గ్రామములెన్నియో మునిగినవి. వేసవిలో నీరు తగ్గినప్పుడు సంగమేశ్వరాలయము బయటపడును. కరవు యేడుల కాపెల్ కెలిన్ శిథిలములును అట్లే తేలును. మన జలాశయములపై విహారమునకు పోవు విద్యార్థులు, ఆ నీటి అడుగున ఎవరి ఊరు ఉన్నదని ఒక్క మారు అడిగినను చాలును.

విద్యార్థులారా! సాహసమును మేము వలదనుట లేదు. నీటిని చదువుట నేర్చుకొని, గురువు తోడుతో, మీ తరగతికి తగిన వడిలో దిగుడు. కాని దిగుటకు ముందు ఒడ్డున ఒక్క క్షణము ఆగి, ఆ ఒడ్డువారి హక్కు ఏమున్నదో విచారింపుడు. ఆ హక్కును అదా చేసినవానికే నది మీద తన హక్కును పలుకు అర్హత కలదని మా విశ్వాసము.