సీపీయూ ఎక్కడుంది?

ఈ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ గారు అడిగినప్పుడు కంప్యూటర్ల గురించే రాయాలనుకున్నాం. దానికి కారణం ఉంది, చివర్లో చెబుతాం.

మా బ్యాచ్ మిత్రుడొకడు పోయినేడాది ఒక ఆఫీసులో చేరాడు. బ్యాక్ ఆఫీస్ పని. మొదటి రోజు సాయంత్రమే ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఇక్కడ బల్ల కింద సీపీయూ లేదురా. మానిటర్ వెనకాల సబ్బు పెట్టె అంత డబ్బా ఒకటి తగిలించారు, అంతే. విండోస్ మాత్రం మామూలుగానే వస్తోంది. ఎక్కడి నుంచి వస్తోందిరా?" పక్క సీటువాళ్లను అడగడానికి మొహమాటపడ్డాడట. తెలియదని నలుగురిలో ఒప్పుకోవడం మనవాళ్లకు ఎంత కష్టమో ఈ సంచిక చదివేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మేమూ వెంటనే జవాబు చెప్పలేకపోయాం. పీజీలో వర్చువలైజేషన్ అనే పాఠం చదివాం, పరీక్ష రాశాం, మార్కులూ వచ్చాయి. ఆ డబ్బా గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

దాన్ని థిన్ క్లయింట్ అంటారు. అందులో అసలు పని జరగదు. పని జరిగేది ఎక్కడో సర్వర్ గదిలో ఉన్న పెద్ద యంత్రంలో. మనం నొక్కిన కీ, కదిపిన మౌస్ వైరు వెంట సర్వర్‌కు వెళ్తాయి. అక్కడ పని జరిగి, మారిన బొమ్మ తిరిగి మన తెర మీదికి వస్తుంది. మన దగ్గరికి వచ్చేది ఫైలు కాదు, ఫైలు బొమ్మ మాత్రమే. ఒక్కొక్క ఉద్యోగికి సర్వర్‌లో ఒక్కొక్క ఊహా కంప్యూటర్‌ను సృష్టించి ఇచ్చే ఈ ఏర్పాటు పేరు వర్చువల్ డెస్క్‌టాప్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్. పొట్టిగా వీడీఐ.

ఇందులో రెండు రకాలున్నాయి, హాస్టల్ భాషలో చెబితే సులువుగా తెలుస్తుంది. చిన్న తరగతుల్లో మనందరం ఒకే హాల్లో చాపలు పరుచుకుని పడుకునేవాళ్లం. ఎవరి చాప వారిది, హాలు మాత్రం అందరిదీ. ఒకడు అర్ధరాత్రి గోల చేస్తే అందరికీ నిద్ర చెడేది. ఒకే విండోస్‌ను పదిమంది పంచుకునే పద్ధతి ఇది. రెండోది అదే భవనంలో ఎవరి గది వారికి ఇవ్వడం. పునాది ఒకటే, కప్పు ఒకటే, కానీ తలుపులు వేరు. ఒకరి గదిలో గొడవైతే పక్క గదికి తెలియదు. వీడీఐ అంటే ఈ రెండోది. గదులుగా విడగొట్టే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అంటారు. ఆలోచన కొత్తదేమీ కాదు. ఐబీఎం వారు 1960ల్లోనే పెద్ద యంత్రాన్ని ఇలా ఊహా యంత్రాలుగా విడగొట్టి పలువురికి పంచారు. ఆ తర్వాత పీసీలు చవకై ఎవరి పెట్టె వారికి వచ్చింది. 1989లో పుట్టిన సిట్రిక్స్, 1998లో పుట్టిన వీఎంవేర్ లాంటి సంస్థలు మళ్లీ పెట్టెలన్నిటినీ ఒకచోటికి చేర్చే దారి పట్టాయి.

మన బడుల్లోకి ముందే వచ్చింది

మిత్రుడి ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, అలాంటి డబ్బాలు మేము చిన్నప్పుడే చూశాం!

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ ల్యాబ్‌లు పెట్టింది. ఆ ల్యాబ్‌ల కోసం కాలిఫోర్నియాకు చెందిన ఎన్‌కంప్యూటింగ్ అనే సంస్థ పరికరాలను ఎంచుకున్నారు. మొత్తం 50,000 సీట్లు, 18 లక్షల మంది పిల్లలకు అని అప్పట్లో ప్రకటించారు. అంటే బడికి పది సీట్ల చొప్పున. పది సీట్లంటే పది పీసీలు కావు. పీసీలో ఒక కార్డు బిగిస్తే దాని నుంచి ఐదు చిన్న డబ్బాలకు వైర్లు వెళ్తాయి. ఒక్కో డబ్బాకు ఒక మానిటర్, ఒక కీబోర్డు, ఒక మౌస్. ఒక పీసీని ఆరుగురు పంచుకోవచ్చు. ఇందాక చెప్పిన హాలు పద్ధతి అన్నమాట. డబ్బా తినే కరెంటు ఒక వాట్ దరిదాపుల్లోనే. 2012లో మన రాష్ట్రంలో గంటల తరబడి కోతలున్నప్పుడు ఈ లెక్క చిన్నదేమీ కాదు.

ఆ ల్యాబ్‌లను ప్రైవేటు సంస్థలు పెట్టి, ఐదేళ్లు నడిపి, గడువు తీరాక బడికి అప్పగించాలన్నది ఒప్పందం. మేము ఆరో తరగతిలో చేరేసరికి ఆ గడువు తీరిపోయింది. మా బడిలో కంప్యూటర్ గదికి తాళం ఉండేది. కిటికీ ఊచల్లోంచి చూస్తే మానిటర్ల మీద గుడ్డలు కప్పి కనిపించేవి. ఉన్న రెండు పీసీల్లో ఒకటి చెడిపోతే దానికి తగిలించిన ఐదు సీట్లూ ఒక్కసారే నల్లబడ్డాయని సీనియర్లు చెప్పేవారు. డబ్బాలు బాగానే ఉన్నాయి, మానిటర్లూ బాగానే ఉన్నాయి. బాగుచేయించాల్సింది ఒక్క పీసీ. ఆ ఒక్కదాని బాధ్యత ఎవరిదో తేలక ఐదు సీట్లు మూలపడ్డాయి. మేము టెన్త్ పాసై వచ్చేదాకా ఆ తాళం తీసింది జెండా పండుగలకు కుర్చీలు బయటికి తేవడానికే. ఆ పరికరాన్ని తిట్టాలని మాకు అనిపించదు. పదిమంది పంచుకునే వస్తువుకు ఆరో ఏడు ఎవరు దిక్కు అన్నది ఒప్పందం రోజునే రాసుకోవాలి.

శివారు సీటు

కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్లకు వీడీఐ సాధకబాధకాలు చెప్పడం చాలా తేలిక. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు నిండుగా ఉంటాయి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ అక్కడ బయలుదేరినప్పుడు బాగానే ఉంటాయి. నాగాయలంక, కృత్తివెన్ను వైపు శివారు రైతును అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. బ్యారేజీలో ఎంత నీరుందన్నది కాదు, తన బోదె దాకా ఎంత వచ్చిందన్నదే అతని లెక్క. వీడీఐలో కూడా సర్వర్ ఎంత గొప్పదైనా, దాని నుంచి మన సీటు దాకా వచ్చే లైను బాగుండాలి. దూరం పెద్ద అడ్డంకి కాదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది కాబట్టి హైదరాబాదు సర్వర్ నుంచి విజయవాడకు రావడానికి రెండు మిల్లీసెకన్లు కూడా పట్టదు. ఆలస్యమంతా మధ్యలోని స్విచ్‌లలో, చివరి వైరులో, పదిమంది ఒకేసారి వీడియో చూసే వైఫైలో జరుగుతుంది. అక్షరం నొక్కాక పదో వంతు సెకను దాటి తెర మీద పడితే మనిషికి తెలిసిపోతుంది, చిరాకు మొదలవుతుంది.

ఇంకో ఇబ్బందికి ఆఫీసుల్లో బూట్ స్టార్మ్ అని పేరు. ఉదయం తొమ్మిదింటికి అందరూ ఒకేసారి లాగిన్ అయితే సర్వర్ ఉక్కిరిబిక్కిరవుతుంది. మన హాస్టల్లో ఉదయం ఆరింటికి కుళాయిల దగ్గర ఏం జరుగుతుందో అదే. మధ్యాహ్నం అదే కుళాయిలో నీళ్లు ధారగా వస్తాయి. రోజు సగటు చూసి సర్వర్ కొన్న ఆఫీసులు అక్కడే దెబ్బతింటాయి. మామూలు హార్డ్ డిస్కుల స్థానంలో ఎస్‌ఎస్‌డీలు వచ్చాక ఈ బాధ చాలావరకు తగ్గింది.

మరి ఇన్ని తలనొప్పులున్నప్పుడు ఆఫీసులు దీన్ని ఎందుకు పెట్టుకుంటాయి? చవక అని చాలామంది అనుకుంటారు. మా అభిప్రాయంలో అది సగం నిజమే. బల్లల మీద తగ్గిన ఖర్చు సర్వర్ గదిలో తేలుతుంది. విండోస్ లైసెన్సుల లెక్క వేరే ఉంటుంది. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ సంస్థ వీఎంవేర్‌ను కొన్న తర్వాత, ఒకసారి కొంటే ఎప్పటికీ ఉండే లైసెన్సులు అమ్మడం మానేసి చందా పద్ధతి పెట్టింది. వాడుతున్న ఆఫీసులన్నీ మళ్లీ లెక్కలు వేసుకోవాల్సి వచ్చింది. అసలు లాభం మరోచోట ఉంది. ఖాతాదారుల వివరాలు సర్వర్ గది దాటవు. ల్యాప్‌టాప్ బస్సులో పోయినా అందులో ఏమీ ఉండదు. వందమంది కంప్యూటర్లకు వైరస్ మందు ఒక్కచోటే వేయవచ్చు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఈ విలువ తెలిసింది. అంతకుముందు కాల్ సెంటర్లు, బీపీఓల ఉద్యోగులు ఇంటి నుంచి పనిచేయాలంటే టెలికాం శాఖ నిబంధనలు చాలా ఉండేవి. ఆ శాఖ 2020 మార్చి 13న వాటిని సడలించింది. అప్పటికే వీడీఐ ఉన్న సంస్థల ఉద్యోగులు ఇంటి కంప్యూటర్లోనే ఆఫీసు తెర తెరుచుకున్నారు. లేని సంస్థలు కార్లలో సీపీయూలు వేసి ఉద్యోగుల ఇళ్లకు పంపాయి. మన అన్నల్లో కొందరు అప్పుడు ఊళ్లో వేపచెట్టు కింద, సిగ్నల్ దొరికిన చోట కూర్చుని పనిచేశారు. శివారు సీటు అంటే ఏమిటో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఉద్యోగాల్లో చేరబోయే తమ్ముళ్లు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. తెర ఆగిపోతే కంగారుపడి అన్నీ నొక్కకండి, ముందు పక్క సీటు చూడండి. వాళ్లదీ ఆగితే తప్పు సర్వర్‌ది లేదా లైనుది. మీది ఒక్కటే ఆగితే వైరు చూడండి. కనెక్షన్ తెగినా మీ పని సాధారణంగా పోదు, సర్వర్‌లో తెరిచిన ఫైలు తెరిచినట్టే ఉంటుంది, మళ్లీ లాగిన్ అయితే కనబడుతుంది. కానీ మీరే లాగౌట్ కొడితే కథ వేరు. కొన్ని ఆఫీసుల్లో లాగౌట్ కాగానే ఆ డెస్క్‌టాప్‌ను తుడిచేసి మర్నాడు కొత్తది ఇస్తారు. మెస్‌లో పళ్లెం కడిగి పెట్టినట్టే. డెస్క్‌టాప్ మీద దాచుకున్నవి దాంతోపాటే పోతాయి. ఎక్కడ సేవ్ చేయాలో మొదటి రోజే అడగండి, మొహమాటపడకండి. సొంత సర్టిఫికెట్లు, ఇంటి ఫొటోలు అందులో పెట్టకండి. ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఎంతసేపు ఖాళీగా ఉన్నారు అన్నది అవతల నమోదు చేయగలరు. అది మన ట్రంకు పెట్టె కాదు, తాళంచెవి వాళ్ల దగ్గరుంటుంది.

మన స్టోరు గది

ఇక కారణం చెబుతాం. పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని హాస్టల్‌కు కంప్యూటర్లు కొనిద్దామంటున్నారు. మంచి మాట. కొత్తవి నాలుగైదు వస్తాయి. మన స్టోరు గదిలో బస్తాల వెనకాల పాత సీపీయూలు కూడా ఉన్నాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది, విండోస్ 11 వాటి మీద ఎక్కదు, పారేయాల్సిందే అని ఒకరన్నారు. పారేయక్కర్లేదు. 1999లో మొదలైన లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దానితో పాత యంత్రం హార్డ్ డిస్క్ లేకపోయినా నెట్‌వర్క్ ద్వారా సర్వర్ నుంచే మొదలవుతుంది. యంత్రానికి కాస్త ఓపిక ఉంటే పని అక్కడే జరుగుతుంది, లేకపోతే సర్వరే చేసి బొమ్మ పంపేలా అమర్చుకోవచ్చు. లైసెన్సు ఖర్చు లేదు. నాలుగు కొత్త పీసీల బదులు ఒక మంచి సర్వర్, ఒక స్విచ్, వైర్లు కొంటే పాతవాటిలో పనిచేసేవన్నీ లేస్తాయి.

అయితే మా బడి గది మాకు ఇంకా గుర్తుంది కాబట్టి కొన్ని షరతులు పెడుతున్నాం. సర్వర్‌కు, స్విచ్‌కు యూపీఎస్ ఉండాలి. వైఫై వద్దు, వైరే వేయాలి. సర్వర్ పై అంతస్తులో ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, అటు బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చినప్పుడు, కింది అంతస్తుల్లోని కంప్యూటర్లు ఏమయ్యాయో చూశాం. నీళ్లు తీశాక ఒక నెట్ సెంటర్ ఆయన సీపీయూలను వడియాల్లా మేడ మీద ఎండబెట్టుకున్నాడు. అన్నీ ఒకచోట ఉంటే మునిగేదీ ఒకేసారి మునుగుతుంది, అందుకని వారానికోసారి కాపీ తీసి వేరేచోట పెట్టాలి. కొత్తది ఒక్క పీసీ మాత్రం దేనికీ తగిలించకుండా విడిగా ఉంచాలి. స్కాలర్‌షిప్‌కో, కౌన్సెలింగ్‌కో ఆఖరి తేదీనాడు సర్వర్ చెడిపోతే ఒక కుర్రాడి ఏడాది పోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఏటా ఇంటర్ చదివే ఇద్దరు తమ్ముళ్లు దీన్ని నేర్చుకుని, వెళ్లేటప్పుడు కింది తరగతి ఇద్దరికి నేర్పి వెళ్లాలి. పాస్‌వర్డు నోట్‌బుక్కులో రాసి వార్డెన్ గారి బీరువాలో పెట్టాలి. ఈ నాలుగు ముక్కలూ చందా పుస్తకం మొదటి పేజీలోనే రాయమని అన్నలను అడుగుతున్నాం. కుదరదంటే కొత్త పీసీలే కొనండి, మాకు అభ్యంతరం లేదు. ఒకటి చెడితే ఒకటే చెడుతుంది.

వార్షికోత్సవం మర్నాడు ఆదివారం. ఉదయం టిఫిన్ అయ్యాక స్టోరు గది తెరిపించి ఏవి లేస్తాయో ఒక్కొక్కటే చూస్తాం. రావాలనుకున్న తమ్ముళ్లు పాత బట్టలు వేసుకుని రండి, దుమ్ము చాలా ఉంది. స్క్రూడ్రైవర్లు మేము తెస్తాం.