తక్కువ మార్కులును ఉన్నత కళాశాలలును

ఏటేట ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడినంతనే మన పాఠశాల పూర్వవిద్యార్థులు కొందరు తలిదండ్రులతో గూడ మా యొద్దకు వచ్చుచుందురు. వేయింటికి తొమ్మిదివందల యెనుబది వచ్చినవారు మిఠాయి తెత్తురు. ఏడువందలు వచ్చినవారు తండ్రి వెనుక నిలిచి నేలచూపులు చూతురు. ఈ వ్యాసమును మేము ముఖ్యముగా ఈ రెండవ తెగవారి కొరకే వ్రాయుచున్నాము.

మాదాపురమున సైబర్ టవర్స్ భవనము 1998వ సంవత్సరమున ప్రారంభమైనది. ఆ యేడే గచ్చిబౌలియందు జనులు ట్రిపుల్ ఐటీ యని పిలుచు విద్యాసంస్థయు వెలసినది. దానికి సమీపముననే 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము గలదు. ఈ మార్గమున బస్సులో పోవుచు ఆ యద్దాల మేడలను చూచు బాలుడు, తన మార్కుల పట్టికతో ఈ ద్వారములు తెరచుకొనునా యని సందేహించుట సహజమే. ఆ సందేహమునకు సమాధానము చెప్పుటకు ముందు ఒక భేదమును గ్రహింపవలెను. మార్కులు రెండు విధములుగా నుపయోగపడును: అర్హతకు కొన్నియెడల, ర్యాంకునకు కొన్నియెడల. ఈ రెండును ఒకటే యని తలచుటవలననే పెక్కు కుటుంబములలో ఇంత దుఃఖము కలుగుచున్నది.

పూర్వము ఎంసెట్టునందు ఇంటరు మార్కులకు నూటికి 25 పాళ్లు చేర్చెడివారు. గణిత భౌతిక రసాయన శాస్త్రముల 600 మార్కులలో ఒకనికి 570, వేరొకనికి 480 వచ్చిన వనుకొందము. మొదటివానికి 23.75, రెండవవానికి 20 చేరెడివి. ప్రవేశపరీక్షయందలి 160 మార్కులను 75కు కుదించెడివారు గనుక, ఈ వెలితిని పూడ్చుకొనుటకు రెండవవాడు 8 ప్రశ్నలకు అధికముగా సరియైన యుత్తరములు వ్రాయవలసి యుండెను. తొంబది మార్కుల భేదమంతయు ఎనిమిది ప్రశ్నలే! తెలంగాణ ప్రభుత్వము 2023లో ఈ చేర్పును పూర్తిగా తొలగించినది. ఇప్పుడు ఈఏపీసెట్ అను పేర నడచుచున్న ఆ పరీక్షకు, ముఖ్యశాస్త్రములలో నూటికి 45 వచ్చియుండిన చాలును. రిజర్వేషను గలవారికి 40 చాలును. అనగా పై లెక్కలోని 600లో 270. అటుపై ర్యాంకు అంతయు పరీక్షనుబట్టియే. కూకటపల్లియందలి జే.ఎన్.టి.యు. కళాశాలలో చోటు దొరకుటయు దొరకకపోవుటయు ఆ మూడు గంటలలో తేలును. ఎన్.ఐ.టి.లకును 2013 మొదలు 2016 వరకు బోర్డు మార్కులు ర్యాంకులో కలిసెడివి. 2017నుండి కలియుట లేదు.

అయితే అర్హతయే కఠినమైన చోట్లు గలవు. ఐ.ఐ.టి., ఎన్.ఐ.టి.లలో చేరగోరువానికి పండ్రెండవ తరగతియందు నూటికి 75 ఉండవలెను, లేదా తన బోర్డునందు మొదటి యిరువది పాళ్లవారిలో నుండవలెను. మన బోర్డునందు అధికమార్కులవారు పెక్కుండ్రు గనుక ఈ రెండవ మార్గము మనకంతగా నుపకరింపదు. షామీర్‌పేటయందలి బిట్స్ ప్రాంగణమునకు మూడు శాస్త్రములలో కలిపి 75, ఒక్కొక్క దానిలో 60 ఉండవలెను. కావున 76 వచ్చినవానికిని 96 వచ్చినవానికిని ఐ.ఐ.టి. వాకిట భేదమే లేదు. 74 వచ్చినవాడు మాత్రము ప్రవేశపరీక్షలో ఎంత నెగ్గినను వెలుపలనే నిలిచిపోవును. ఇట్టి అంచునందున్న విద్యార్థి చేయవలసిన పని విలపించుట గాదు. బోర్డువారు ప్రకటించు గడువులోపల పునర్గణనమునకో, జవాబుపత్రముల పరిశీలనమునకో దరఖాస్తు పెట్టవలెను. మార్కులు పెంచుకొను పరీక్షలును గలవు.

పట్టికయందలి అంకెలు దైవలిఖితములు గావు. 2019 ఏప్రిలునందు ఫలితములలో గొప్ప తప్పులు దొరలి, తెలుగునందు సున్న వచ్చినట్లు ప్రకటింపబడిన ఒక బాలికకు పిదప 99 వచ్చినట్లు తేలినది. ప్రభుత్వము త్రిసభ్య సంఘమును నియమించి, తప్పినవారి పత్రములన్నిటిని ఉచితముగా మరల చూపించినది. ఈలోపల కొందరు పిల్లలు ప్రాణములు విడిచిరి. ఈ మాట వ్రాయుటకు మా చేయి యాడకున్నను, తలిదండ్రులు దీనిని మరువరాదు. ఫలితముల దినమున బిడ్డను ఒంటరిగా విడువకుడు. పొరుగువారి బిడ్డతో పోల్చకుడు. మనసు మిగుల క్రుంగినవారు రాత్రియైనను పగలైనను 14416 అను టెలీ మానస్ సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి మాటాడవచ్చును.

ఇక గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ సంగతి. దీనికి ద్వారము ఒక్కటియే యనుకొనువారు పెక్కురు. జే.ఈ.ఈ. మెయిన్ ర్యాంకుతో చేరువారు కొందరు. యు.జి.ఈ.ఈ. అను ఆ సంస్థ స్వంత పరీక్ష వ్రాసి, బి.టెక్.తోపాటు పరిశోధనముగల ఎం.ఎస్.ను కలిపి చదువువారు మరికొందరు. ఈ పరీక్షలో ఒక భాగము పాఠ్యవిషయములకు, రెండవ భాగము పరిశోధనాభిరుచికి సంబంధించినది. ఆ పిమ్మట ముఖాముఖి యుండును. బట్టీపట్టి తొమ్మిదివందలు తెచ్చుకొన్నవాడు రెండవ భాగమున తడబడుటయు, ప్రతిదానికి 'ఎందుకు' అని యడిగి ఉపాధ్యాయులను విసిగించిన బాలుడు నెగ్గుటయు సంభవమే. అట్టి ప్రశ్నలకు విసుగుకొను ఉపాధ్యాయులలో మేమును గలము. గణిత, సంగణక, భాషాశాస్త్రాది ఒలింపియాడులలో జాతీయ శిక్షణ శిబిరము వరకు పోయినవారికి వేరొక మార్గము గలదు. వేరొక ఇంజనీరింగు కళాశాలలో రెండేండ్లు చదివినవారు సయితము పరీక్ష వ్రాసి మూడవ యేట నిచ్చట చేరవచ్చును. ఆలస్యముగా మేల్కొనిన విద్యార్థికి ఇది వరము వంటిది.

హైదరాబాదు విశ్వవిద్యాలయమునందలి అయిదేండ్ల కోర్సులకు 2022నుండి జాతీయ ప్రవేశపరీక్షయగు సి.యు.ఇ.టి. ద్వారా ఎంపిక జరుగుచున్నది. శాస్త్రములే గాక తెలుగును గూడ ఇచ్చట ఆ విధముగా చదువవచ్చును. తెలుగు చదివినవానికి ఆ యద్దాల మేడలలో పనియేమి యని నవ్వువారు, యంత్రములకు తెలుగు నేర్పు పని ఆ ప్రాంతముననే జరుగుచున్నదని యెరుగరు.

పదవ తరగతితోనే పాలిటెక్నిక్కునకు పోయినవారిని చిన్నచూపు చూచుట మనలో గలదు. పాలిసెట్ వ్రాసి మూడేండ్ల డిప్లొమా ముగించినవారు ఈసెట్ ద్వారా బి.టెక్. రెండవ సంవత్సరమున నేరుగా చేరుదురు. వారు ఇంటరు మార్కుల ముఖమే చూడనక్కరలేదు. మద్రాసు ఐ.ఐ.టి. వారు 2020లో ఆరంభించిన డేటా సైన్సు పట్టాకు జే.ఈ.ఈ. లేకయే, నాలుగు వారముల పాఠములు విని వారి యర్హతా పరీక్ష నెగ్గి చేరవచ్చును.

ఫలితముల మరునాడే ఫోను చేసి, ప్రసిద్ధ కళాశాలలో సీటు సిద్ధముగా నున్నదని, బయానా పంపుమని చెప్పు దళారులు గలరు. ప్రైవేటు కళాశాలలలో యాజమాన్యపు కోటా యుండుట నిజమే. కాని పైన జెప్పిన ప్రభుత్వ విద్యాసంస్థలలోను ట్రిపుల్ ఐటీయందును సీట్లమ్ము దళారికి పనిలేదు. ఆ సొమ్మును దాచుకొని, ప్రతి పరీక్షకును దరఖాస్తు గడువు ఎప్పుడో ఆయా సంస్థల ప్రకటనలలో ఇప్పుడే చూచి, ఇంటి గోడకు వ్రాసి తగిలించుడు. యు.జి.ఈ.ఈ. దరఖాస్తు గడువు ఇంటరు ఫలితములకంటె ముందే ముగియుటయు గలదు.